కర్పూరం ఆర్పడానికి పనికిరాని సాక్షి

మా బిల్డింగులో నేను దేవుణ్ణి నమ్మనని అందరికీ తెలుసు. నేనేమీ ప్రకటించలేదు. చింతాద్రిపేటలో ఎవరూ ఏదీ ప్రకటించనక్కరలేదు. మూడో అంతస్తులో పోపు వేస్తే, ఇంగువ తక్కువైందని కింది వాటాలో చెప్పగలరు. పొద్దున్నే మెట్లు దిగి, పక్కనే ఉన్న వినాయకుడికి, ఇక్కడి తమిళంలో పిళ్ళయార్‌కి దండం పెట్టకుండా హెల్మెట్ తగిలించుకుంటూ వెళ్ళిపోయే మనిషిని నేనొక్కణ్ణే. మొదట్లో అది బద్ధకం. తర్వాత అభిప్రాయమైంది. ఇప్పుడు అలవాటు. చాలామంది భక్తి కూడా ఇంచుమించు ఇదే వరసలో వచ్చిందని నా అనుమానం. ఆ మాట పైకి అంటే మా అమ్మ టిఫిన్ పెట్టదు.

అమ్మకి నా ఆత్మ గురించి దిగులు లేదు. నా నడవడి గురించే.

"దేవుడంటే భయం లేనోడికి ఇంక దేనికి భయముంటాదిరా?"

"నీకు."

"అది చాలదు."

"ఇరవై ఏడేళ్ళు చాలింది కదమ్మా."

ఈ సంభాషణ మా ఇంట్లో నెలకు రెండుసార్లు జరుగుతుంది. ఎవరూ గెలవరు. ఇడ్లీలు మాత్రం చల్లారిపోతాయి.

మా పిళ్ళయార్ కరెంటు మీటర్లకీ స్కూటర్లకీ మధ్య కాపురముంటాడు. మూరెడు ఎత్తు నల్లరాతి విగ్రహం, చుట్టూ టైల్స్ అతికించిన చిన్న గూడు, ముందు ఇనుప గ్రిల్లు. ఆయన్ని ముట్టుకునే అధికారం ఇద్దరికే ఉంది. రోజూ పొద్దున వచ్చి పూజ చేసే గురుక్కళ్ ఒకరు, మా అసోసియేషన్ సెక్రటరీ ఇంకొకరు. పిళ్ళయార్‌కి ఒక వెండి కవచం ఉంది. విగ్రహం ముందు భాగానికి అచ్చుగుద్దినట్టు సరిపోయే తొడుగు. తొండం, బొజ్జ, చెవులు, అన్నీ వెండిలో. నెలకొకసారి సంకటహర చతుర్థి సాయంత్రం సెక్రటరీ దాన్ని తొడిగి, వెనక తాడుతో కడతాడు. మర్నాడు పొద్దున విప్పి, పాత పంచె ముక్కలో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి, మెట్ల కింద గదిలో దాచి తాళం వేస్తాడు. ఆ గదిలో కవచంతో పాటు తిరగని ఫ్యాన్లు, మూడు కాళ్ళ కుర్చీలు, ఎవరిదో ఎవరికీ గుర్తులేని ఉయ్యాల, ఇవన్నీ ఎప్పటికైనా పనికొస్తాయన్న పన్నెండు కుటుంబాల ఆశ కూడా ఉంటాయి.

సెక్రటరీని మేమంతా మామ అంటాం. కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. జనం ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పడం ముప్పై ఏళ్ళు కళ్ళారా చూసిన మనిషి. అన్నేళ్ళు చూశాక ఎవరికైనా ప్రమాణాల మీద నమ్మకం పోవాలి. ఆయనకి పెరిగింది. మనిషి మంచివాడు. ఏ వాటాలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా మొదట ఆటో పిలిచేది ఆయనే. అదే ఆటోలో పక్కన కూర్చుని, శనివారాలు గుడికి పోయుంటే ఈ జబ్బు వచ్చేది కాదని ఆసుపత్రి దాకా చెప్పేదీ ఆయనే.

మెట్లు ఊడ్చి, వరండా కడిగే అక్క మా బిల్డింగుకి పదిహేనేళ్ళుగా వస్తోంది. మాలాగే ఎన్నో తరాల కిందట ఈ ఊరు చేరిన తెలుగు కుటుంబం. కూవం ఏటికి అవతల ఉంటుంది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోతుంది, మిగతా ఆరు రోజులూ మా చెత్త ఎత్తుతుంది. పిళ్ళయార్ గూటి గ్రిల్లు దాకా ఆమె చీపురు వస్తుంది. గ్రిల్లు లోపలికి రానివ్వరు. మా బిల్డింగు కాక ఇదే వీధిలో ఇంకో మూడు బిల్డింగులు ఆమె చేతిలో ఉన్నాయి. నాలుగింటికీ కలిపి ఆమెకున్నది ఒకే పేరు. ఇక్కడ దొంగ అన్న మాట పడితే, అది మధ్యాహ్నం టీ వేళకి వీధి చివరికి చేరుతుంది. ఆ తర్వాత ఏ గేటూ తెరుచుకోదు. నేను చెప్పబోయే వారమంతా జరిగింది దీని గురించే. మిగతాదంతా హడావిడి.

కవచానికి వెనక తాడు కట్టే కొక్కెం వదులైందని బుధవారం ఒక వెండిపని ఆయన్ని పిలిపించారు. మామ గది తాళం తీసి, చెక్కపెట్టె తెరిచాడు. అందులో పంచె ముక్క ఉంది. కవచం లేదు.

లెక్క చాలా సులువుగా తేలింది. శుక్రవారం చతుర్థి, కవచం తొడిగారు. శనివారం పొద్దున తన చేతులతో విప్పి పెట్టెలో పెట్టానని మామ అంటున్నాడు. గది తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. మంగళవారం ఒక్కరోజు, గది శుభ్రం చేయమని దాన్ని అక్కకి ఇచ్చాడు. మధ్యలో ఇంకెవరూ ఆ గదిలోకి పోలేదు. ఇంత చక్కని లెక్కలు చూసినప్పుడల్లా నాకు అనుమానం వస్తుంది. మా ఆఫీసులో ఇంత చక్కగా కుదిరిన రిపోర్టులన్నీ తర్వాత తప్పని తేలాయి.

గురువారం సాయంత్రం ఆరింటికి పిళ్ళయార్ గూటి ముందు పంచాయితీ. పిళ్ళయార్ ఆ వారం చందనపు అలంకారంలో ఉన్నాడు. రెండో అంతస్తులో ఉండే అత్త, కూతురి పరీక్షల కోసం మొక్కిన మొక్కు. ఒళ్ళంతా ముద్దగా పూసిన చందనం, దాని మీద కుంకుమ బొట్లు, పైన ఎర్రటి పట్టుగుడ్డ, మెడలో గరికమాల. మా గురుక్కళ్ ఎవరిదో పెళ్ళికని ఊరెళ్ళాడు. బదులుగా వచ్చిన ఇంకో గురుక్కళ్ శనివారం పొద్దున చందనం పూసి, తర్వాత రోజూ దీపం మాత్రం వెలిగించి పోతున్నాడు. అందరం ఆ చందనపు పిళ్ళయార్ ఎదుట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. అక్క నిలబడి ఉంది. ఖాళీ కుర్చీ ఒకటి ఉంది కాని ఎవరూ కూర్చోమనలేదు, నాతో సహా. ఆ సంగతి నాకు ఇప్పుడు రాస్తుంటే తట్టింది.

"మొదట నేనే మొదలుపెడతాను," అన్నాడు మామ. "రేపు ఎవరూ నన్ను అనకూడదు."

ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలిగించాడు. వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పి ఒట్టు వేయడం మా వైపు పాత పద్ధతి. అబద్ధమైతే ఆ ఒట్టు వేసినవాడి ఇంట్లో దీపం కూడా అలాగే ఆరిపోతుందంటారు. మామ కళ్ళు మూసుకుని, "శనివారం పొద్దున ఈ చేతుల్తో కవచం విప్పినాను, ఈ చేతుల్తో పెట్టెలో పెట్టినాను," అని పటుక్కున కొట్టాడు. కర్పూరం ఆరింది. ఆయన అరచెయ్యి ఎర్రగా కందింది. పొగ అందరి కళ్ళలోకీ వచ్చింది. రెండో అంతస్తు అత్త చెంపలు వేసుకుంది.

మామ అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు. ఆయన మొహం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. నిజం చెప్పే మనిషి మొహంతో, నిజమని నమ్మి చెప్పాడు.

తర్వాత అక్క వైపు తిరిగాడు. "ఏమ్మా, నీకు కర్పూరం వద్దులే. మీ సామి మీద ఒట్టెయ్. అది చాలు నాకు."

"మేము ఒట్టు పెట్టకూడదు సార్," అంది అక్క. "మా అమ్మ పెట్టనిచ్చేది కాదు, మా పాస్టరూ వద్దంటాడు. తీయలేదంటే తీయలేదు. అంతే సార్."

"ఒట్టుకెందుకు జడుస్తావు మరి?" అంది అత్త.

"జడిసేది కాదమ్మా. పెట్టకూడదు."

"తప్పు చేయనోళ్ళు ఒట్టు పెడితే ఏం పోతాది?"

"తప్పు చేసినోళ్ళు పెడితే మాత్రం ఏం పోతాదమ్మా? వాళ్ళూ పెడతారు."

కుర్చీల్లో కాస్త కదలిక వచ్చింది. ఇంత సూటిగా మాట్లాడటం ఆమె కేసుకి మేలు చేయలేదు. మెట్లు ఊడ్చే మనిషి ఏడిస్తే జనం నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు. తర్కం మాట్లాడితే కాదు.

అప్పుడు నేను లేచాను. కథానాయకుడిలా లేవాలనే అనుకున్నాను. ప్లాస్టిక్ కుర్చీ కూడా నాతో పాటు లేచింది. దాన్ని విడిపించుకుని చెప్పాను. మంగళవారం మా ఏరియాలో కరెంటు కోత, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా. నాకు ఇంటినుంచి పని చేసే రోజు. పైన ఉక్క భరించలేక, మెట్ల కింద గది ఎదురుగానే లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. అక్క గది ఊడుస్తుంటే ఫ్యాన్లు బయటికి లాగి పెట్టింది నేనే. పనయ్యాక రైలు స్టేషన్ దాకా స్కూటరు మీద దింపింది కూడా నేనే. ఆమె చేతిలో ఉన్నది ప్లాస్టిక్ వైరుతో అల్లిన బుట్ట. అందులో ఏముందో బయటికి కనిపిస్తుంది. టిఫిన్ డబ్బా, నీళ్ళ బాటిలు, గొడుగు. అంతే.

"కర్పూరం పెట్టండి మామా. నేనూ ఆర్పుతాను."

మామ జాలిగా చూశాడు. "నువ్వు ఆర్పితే చెల్లదురా."

"ఎందుకు చెల్లదు? నా చెయ్యి కాలదా?"

"చెయ్యి కాలితే చాలదు. లోపల భయముండాల. నీకు దేవుడే లేడు."

"వాడికి కర్పూరం ఆర్పినా, అగ్గిపుల్ల ఆర్పినా ఒకటే," అంది అత్త. ఈ ఒక్క విషయంలో ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

"కోర్టులో నాలాంటోళ్ళకి దేవుడి పేరెత్తకుండా ప్రమాణం చేసే దారుంది కదా మామా. మీకు తెలీనిదా?"

"అది కోర్టురా. ఇది పిళ్ళయార్."

అలా తేలింది మా పరిస్థితి. ఒకామె దేవుణ్ణి నమ్ముతుంది కాబట్టి ఒట్టు పెట్టదు. ఒకడు నమ్మడు కాబట్టి పెట్టినా పనికిరాదు. మా ఇద్దరి మాటా కలిపి ఒక బిళ్ళ కర్పూరం విలువ చేయలేదు.

మామ న్యాయం తెలిసినవాడు కాబట్టి నన్ను అంతటితో వదల్లేదు. "సరే, ఒట్టు వద్దు. ఊరికే చెప్పు. ఆమె గదిలో ఉన్నంతసేపూ నువ్వు ఆడనే ఉన్నావా?"

ఇక్కడ ఒక చిన్న చిక్కుంది. మధ్యలో అమ్మ పిలిస్తే నేను పైకి పోయి ఉప్మా తిని వచ్చాను. ఇరవై నిమిషాలు. ఎందుకు అంత కచ్చితంగా తెలుసంటే, ఒక మీటింగుకి మరో మీటింగుకి మధ్య నాకు దొరికిన ఖాళీ అంతే. ఆ ఇరవై నిమిషాల్లో గదిలో ఏం జరిగిందో నేను చూడలేదు. ఆమె ఏమీ తీయలేదని నాకు తెలుసు. అది పదిహేనేళ్ళుగా తెలిసిన తెలియడం, ఆ మంగళవారం చూసింది కాదు. ఆ ఇరవై నిమిషాల సంగతి నోరు జారితే, కుర్చీల్లో ఉన్నవాళ్ళు వాటినే పట్టుకుంటారు. అబద్ధమాడితే నన్ను శిక్షించేవాడు పైన ఎవడూ లేడు. ఉన్నా, ఇలాంటి అబద్ధానికి శిక్షించేవాడైతే వాడితో నాకు పని లేదు. ఇదంతా ఆలోచించడానికి నాకు ఒకసారి దగ్గేంత సేపు పట్టింది.

"ఆడనే ఉన్నాను మామా. మొదట్నుంచి చివరిదాకా."

"లేదు నాయనా," అంది అక్క.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నడమ నువ్వు పైకి పోయినావు కదా. మీ అమ్మ పిలిచింది. ఉప్మా తినేసి వస్తానక్కా అని చెప్పి పోయినావు."

ఆ గొంతులో నాటకం లేదు, త్యాగం లేదు. పాలవాడు నాలుగు ప్యాకెట్లని రాస్తే, కాదు మూడే అని సరిదిద్దినట్టు చెప్పింది. "ఆమా, అవును. మరిచేపోయాను," అన్నాను. కొందరు నవ్వారు. నన్ను చూసి నవ్వడం వాళ్ళకి అలవాటే. ఆ నవ్వులో నా అబద్ధం సుఖంగా జారిపోయింది.

కవచం సంగతి తేలేదాకా అక్క రానక్కరలేదని నిర్ణయం. పోలీసుల దాకా పోవద్దని మామ పట్టుబట్టాడు. అది ఆయన దయ. మామ దయకి పక్కన ఎప్పుడూ ఒక ఉపన్యాసం ఉంటుంది కాబట్టి, నిజం ఒప్పుకుంటే ఏ దేవుడైనా క్షమిస్తాడని కూడా చెప్పాడు. అక్క తలూపి, వైరుబుట్ట తీసుకుని గేటు దాటింది.

స్కూటరు తీసుకుని వెనకే పోయాను. వంతెన దగ్గర టీకొట్టు ముందు పట్టుకున్నాను. టీ తాగనంది. తర్వాత తాగింది.

"ఎందుకక్కా చెప్పావు? నేను చెప్పినదానితో అయిపోయేది కదా."

"నువ్వు చెప్పింది అబద్ధం కదా నాయనా."

"నీకోసం చెప్పిందే కదా."

"అదే కదా కష్టం." గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పుతూ అంది. "సరే, నువ్వు అబద్ధం చెప్పి నన్ను కాపాడినావు అనుకో. రేపు మీ ఇంట్లో ఒక వెండిగిన్నె కనపడలా. ఆ ఇరవై నిమిషాలు మొదట ఎవరికి గుర్తొస్తాయి? ఆడ కూర్చున్నోళ్ళకి తెలీనే తెలీదు. నీకొక్కడికే తెలుసు. నువ్వే నన్ను అనుమానపడతావు."

"నేను పడను."

"పడతావు. మంచోడివి గాబట్టి మెల్లగా పడతావు."

పడనని ఇంకోసారి అనబోయి, గ్లాసు ఎత్తి టీ తాగాను. జీవితంలో నాకు సమాధానం దొరకని సందర్భాలు తక్కువ. దొరికినవి పనికొచ్చిన సందర్భాలు ఇంకా తక్కువ.

"అంటే దేవుడు చూస్తున్నాడని కాదా నువ్వు నిజం చెప్పింది?"

"ఆయన చూస్తానే ఉంటాడు. ఆయన చూసినాడని ఈ వీధిలో నాకు పనిస్తారా? మనుషులు కదా ఈడ ఉండేది. మనుషుల కాడ మాట నిలబడాల."

"మరి ఒట్టెందుకు పెట్టలేదు? పెట్టుంటే వాళ్ళు నమ్మేవాళ్ళేమో."

"ఇప్పుడు ఒట్టు పెడితే, ఇన్నేళ్ళూ ఒట్టు లేకుండా చెప్పిందంతా ఏమైనట్టు? పైన ట్యాంకు మూత వేసినాను సార్ అంటే సరి అన్నారు. ఆ పొద్దు ఎవురూ కర్పూరం అడగలా."

టీ డబ్బులు తనే ఇస్తానని పట్టుబట్టింది. ఉద్యోగం పోయిన మనిషితో టీ ఇప్పించుకుని ఇంటికొచ్చాను. అమ్మ అన్నం పెట్టి, "ఉప్మా సంగతి ఎందుకురా దాచినావు?" అంది. గట్టిగా తిడుతుందనుకున్నాను. ఇంకో గరిటె పప్పు వేసింది.

నాకు దేవుడు లేకపోవడం వల్ల నడవడికి లోటొచ్చిందని ఎప్పుడూ అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. ఒకసారి మా వీధిలో వరద నడుం లోతు నిలిచింది. మసీదు వాళ్ళు బిర్యానీ పొట్లాలు తెచ్చారు. చర్చి వాళ్ళు పడుకోవడానికి హాలు తెరిచారు. గుడి నుంచి పులిహోర వచ్చింది. దేవుడు లేడని గోడల మీద రాసే నల్లచొక్కాల వాళ్ళు తాడు పట్టుకుని ముసలివాళ్ళని భుజాల మీద మోసుకొచ్చారు. ముందు నీ సిద్ధాంతమేమిటో చెప్పు, తర్వాత తింటాను అని ఒక్కరూ అనలేదు. మా అమ్మయితే నాలుగు రకాలూ తిని, పులిహోరలో ఉప్పు తక్కువంది. మనిషికి మనిషి సాయపడటానికి పైనుంచి ఉత్తర్వు రానక్కరలేదని నాకు అప్పుడే తేలిపోయింది. నమ్మకం ఉన్నవాళ్ళు ఆ పనికి దేవుడి పేరు పెడతారు. నేను ఏ పేరూ పెట్టను. పని అదే.

నేను లెక్క తప్పింది ఇంకోచోట. సాయపడటం, నిజాయితీగా ఉండటం ఒకటే అనుకున్నాను. నేను ఆమెకి సాయపడబోయాను, నిజాయితీ ఆమె చూపించింది. మామకి రెండూ ఉన్నాయి, కవచమే లేదు.

శనివారం పొద్దున మా గురుక్కళ్ ఊరినుంచి వచ్చాడు. వారం కిందటి చందనం ఎండి పగుళ్ళు తీసిందని, నీళ్ళు చల్లి తడిపి, మెల్లగా ఒలవడం మొదలుపెట్టాడు. నేను స్కూటరు తుడుచుకుంటున్నాను. "ఏంది ఇది, కవచం మీదే చందనం పూసి పెట్టినారు?" అన్న కేక వినిపించింది.

చెవి బయటపడింది. తర్వాత తొండం. తర్వాత బొజ్జ. అంతా వెండి.

ఐదు నిమిషాల్లో బిల్డింగంతా దిగింది. ఒకాయన నోట్లో టూత్‌బ్రష్‌తోనే వచ్చాడు. బదులొచ్చిన గురుక్కళ్‌కి ఫోన్ చేశారు. ఆయనకి ఏ బెదురూ లేదు. కవచం సెక్రటరీ చేతి పని, నువ్వు ముట్టుకోవద్దని మా గురుక్కళ్ పోతూ పోతూ చెప్పాడట. చందనం పూయమన్నదీ ఆయనేనట. రెండు ఆజ్ఞలూ పాటించాడు. ఆ శనివారం మామ పరగడుపున రక్తపరీక్షకి పోయాడని అత్తకి అప్పుడు గుర్తొచ్చింది. పదకొండేళ్ళుగా ప్రతి చతుర్థి మర్నాడూ కవచం విప్పి పెట్టెలో పెట్టిన చేతులు ఆయనవి. ఆ ఒక్కరోజు విప్పలేదు. చేతులు మాత్రం విప్పినట్టే గుర్తుపెట్టుకున్నాయి. నా సంగతి వదిలేయండి, నేను అటు చూడను. భక్తులందరూ వారం రోజులు రెండు పూటలా దాని ముందే నిలబడి దండం పెట్టారు. అదెలా కనపడలేదని అడిగితే అత్త, "దండం పెట్టేటప్పుడు కళ్ళు మూసుకుంటాం కదా," అంది. అందులో నాకు తప్పేమీ కనిపించలేదు.

అందరూ పైకి పోయాక కూడా మామ కింది మెట్టు మీదే కూర్చుని అరచెయ్యి చూసుకుంటున్నాడు. బొబ్బ ఎండి పొర లేస్తోంది. ఎప్పుడూ ఆయన్ని అంత చిన్నగా చూడలేదు.

"అబద్ధపు ఒట్టు వేసినాను కదరా. ఆయన ఎదురుగానే."

"అబద్ధం కాదు మామా. పొరపాటు. రెండూ వేరే వేరే."

"ఆ తేడా ఆయనకి తెలుస్తాదంటావా?"

"కోర్టు గుమాస్తాకి తెలిసింది దేవుడికి తెలీదా?"

"నీకు ఆయన లేడు కదరా. నువ్వు ఎట్లా చెప్తావు?"

"ఉంటే ఎలా ఉండాలో నాకు తెలుసు మామా. తెలుసు కాబట్టే కదా లేడంటున్నాను."

"నోరు ముయ్," అన్నాడు. కాని కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు. దేవుడు క్షమిస్తాడని ఒక భక్తుడికి నేను హామీ ఇవ్వాల్సి రావడం నా నాస్తిక జీవితంలో ఎరగని అనుభవం. ఆయనకి ఇంకో భయం ఉంది. "ఆమె క్షమిస్తాదా?" అన్నాడు. "రేపో ఎల్లుండో రమ్మని చెప్పిరా. ఇంక ఆ మాట ఎత్తనని చెప్పు."

ఆ మధ్యాహ్నం కూవం దాటి అక్క ఇంటికి పోయాను. కబురు విన్నాక ఆమె మొదట అడిగింది, మిగతా మూడు బిల్డింగుల వాళ్ళకి తెలిసిందా అని. తెలియలేదు. దొంగతనం మాత్రం శుక్రవారమే వాళ్ళకి తెలిసింది. ఒక బిల్డింగు వాళ్ళు అప్పుడే వేరే మనిషిని మాట్లాడుకున్నారు కూడా.

"ఆ మాట ఎత్తనంటే కుదరదు నాయనా," అంది. "ఎత్తాల. యాడ అన్నారో ఆడనే, ఎవురి ముందర అన్నారో వాళ్ళ ముందరే సార్ చెప్పాల. పక్క బిల్డింగు సెక్రటరీలని కూడా పిలవాల. అట్లయితే వస్తాను."

"చెప్తాడు. నాది పూచీ."

"నువ్వు కూడా చెప్పాల."

"నేనేం చెప్పాలి? నేను నీ తరఫునే కదా."

"నీకు తెలుసు," అంది అక్క.

తెలుసు. తెలియనట్టు ఆదివారమంతా గడిపాను. అబద్ధం బయటపడకుండానే పోయింది. ఎవరికీ నష్టం లేదు. ఇంక తవ్వడం ఎందుకన్నది నా వాదన. వాదన బాగుంది. అయితే అది బాగుండటమే నన్ను తినేసింది. ఎందుకంటే, అది కూడా ఇరవై నిమిషాల లాంటిదే, నా ఒక్కడికే తెలుసు. ఈ బిల్డింగులో ఇకమీదట నా మాట ఎవరైనా నమ్మితే, నమ్మకూడదని తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే అవుతాను.

సోమవారం పొద్దున ఆరున్నరకి అందరూ పిళ్ళయార్ గూటి ముందు చేరారు. పక్క బిల్డింగుల సెక్రటరీలు ముగ్గురూ కాఫీ తాగకుండా వచ్చిన మొహాలతో నిలబడ్డారు. మామ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఈసారి కర్పూరం లేదు.

"తప్పు నాది," అన్నాడు. "కవచం నేను విప్పలేదు. విప్పినానని ఒట్టేసి చెప్పినాను. ఈమె ఏమీ తీయలేదని ఆ పొద్దే చెప్పింది, నేను వినలేదు. నా మాట తప్పు, ఈమె మాట నిజం." అంతటితో ఆపలేదు. ఇంకెవరింటి ముందైనా ఈ సంగతి మాటగా వస్తే తననే అడగమని ఆ ముగ్గురు సెక్రటరీలకీ విడివిడిగా చెప్పాడు. వేరే మనిషిని మాట్లాడుకున్న సెక్రటరీ, అదేం పెద్ద విషయం కాదు, ఆ కొత్త మనిషిని మానిపిస్తామన్నాడు.

అక్క నా వైపు చూసింది.

ఏదైనా సరదా మాటతో మొదలుపెడదామనుకున్నాను. దొరికింది కూడా. అది వదిలేశాను. "ఆ రోజు ఇరవై నిమిషాలు నేను పైన ఉన్నాను. మరిచిపోలేదు. తెలిసే దాచాను. మరిచిపోయానన్నది కూడా అబద్ధమే," అన్నాను. పదేళ్ళుగా వాళ్ళని నవ్వించిన మనిషిని కాబట్టి, అందరూ నవ్వు కోసం ఆగారు. అది రాలేదు.

"చూసినారా?" అంది రెండో అంతస్తు అత్త. "దేవుడంటే భయం లేకపోతే ఇంతే."

"ఊరుకో అమ్మా," అన్నాడు మామ. "భయం ఉన్నోడు చేసింది ఇప్పుడే విన్నావు కదా."

మా ఇద్దరినీ అక్క మార్చి మార్చి చూసింది. క్షమించానని అనలేదు, పరవాలేదని కూడా అనలేదు. కొంగు నడుముకి దోపి, మూల ఉన్న చీపురు అందుకుంది.

"అయిపోయిందా సార్? అయితే అందరూ కొంచెం జరగండి. మూడు రోజుల దుమ్ము ఉండాది ఈడ."